రేపంటే రేపేనా?

శ్రావణమాసం వస్తోందంటే చాలు, మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండదు. అందుకే ఈసారి తెలివిగా ఆషాఢం వెళ్ళకముందే జాకెట్టు గుడ్డ పట్టుకెళ్ళి ఇచ్చాను. "వరలక్ష్మీ వ్రతం నాటికి కావాలమ్మా" అన్నాను. "అయ్యో ఆంటీ, ఒక్క బ్లౌజేగా! మంగళవారం వచ్చి పట్టుకెళ్ళండి" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి సంబరపడిపోయి, ఆది జాకెట్టు కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

మంగళవారం వెళితే "రేపు" అంది. బుధవారం వెళితే "కాజాలు మిగిలాయాంటీ, రేపు" అంది. గురువారం కరెంటు లేదు. శుక్రవారం వాళ్ళత్తగారికి నలత. ఆ తరవాత ఫోను చేస్తే మోగుతుంది గాని ఎత్తే దిక్కు లేదు. వాట్సాప్‌లో అడిగితే రెండు నీలం గీతలు పడ్డాయి. అంటే చదివిందన్నమాట. జవాబు మాత్రం లేదు.

ఆ సాయంత్రం చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి కూలబడితే మా వారు పేపరు పక్కన పెట్టి, "ఒకప్పుడు ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు, గుర్తుందా?" అన్నారు. గుర్తులేకేం! రాత్రిపూట ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదువుకుని, సరే రేపు వద్దాంలే అని వెళ్ళిపోతుందని నమ్మకం. మర్నాడొచ్చినా గోడ మీద అదే రాత. కన్నడదేశంలో కూడా 'నాళె బా' అని రాసుకునేవారట. "ఆ అమ్మాయి గుమ్మం మీద రాయలేదు, నోటితో చెబుతోంది. అంతే తేడా" అన్నారాయన. నన్ను దయ్యాన్ని చేసినందుకు కోపం రావలసిందే గాని నవ్వొచ్చింది.

చెప్పొద్దూ, ఆ అమ్మాయి మీద కూడా నాకు గట్టిగా కోపం రాలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఆ గుమ్మంలో కూచున్నదాన్ని నేనే.

మా వారు ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవారు. ఆ జీతంలో ఇల్లు గడవడమే కష్టం. 1986లో మా అమ్మ తన గాజుల జత ఇచ్చి, "ఊరికే కూచోకే, ఏదైనా పని నేర్చుకో" అంటే, ఒక పాత మిషను కొనుక్కుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. ముందు మా వాటాలో వాళ్ళు, తరవాత వీధిలో వాళ్ళు, ఆ తరవాత దగ్గర్లో ఉన్న బడి టీచర్లు. మూడేళ్ళు తిరిగేసరికి తిండికి వేళ లేనంత పని.

మా కోడలు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఆఫీసు లేదు, పై అధికారి లేడు, ఒకటో తారీఖున జీతం లేదు. ఎవరు పనిస్తే వాళ్ళకి చేసిపెట్టడమే. దాన్ని ఫ్రీలాన్సింగ్ అంటారు. "ఆ లెక్కన మా అందరికంటే మీరే సీనియరు అత్తయ్యా" అంటుంది నాతో. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తనే చెప్పింది. లాన్స్ అంటే బల్లెం. 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల 'ఐవన్హో'లో, ఏ ప్రభువుకీ కట్టుబడకుండా డబ్బిచ్చినవాడి పక్షాన యుద్ధం చేసే కూలి సైనికుల్ని ఆ పేరుతో పిలిచాడట. బాగానే ఉంది. కాని యుద్ధం అయిపోయాక వచ్చే బల్లెం ఎవరిక్కావాలి చెప్పండి?

పదకొండేళ్ళు కుట్టాను. ఖాతాదార్లు ఎందుకొస్తారో తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎందుకు పోతారో తెలుసుకోవడానికి మాత్రం ఆరేళ్ళు పట్టింది. కుట్టు బాగాలేక పోతారనుకునేదాన్ని. అంత వెంటనే పోరు సుమండీ! చంక పట్టేసినా, మెడ జారినా, "కాస్త విప్పి సరిచెయ్యమ్మా" అని మళ్ళీ తెచ్చి ఇస్తారు. పని చెడితే మనుషులు ఓర్చుకుంటారు.

మరి దేనికి ఓర్చుకోరు? ముందు ఒక ధర చెప్పి, తీరా చేతికిచ్చేటప్పుడు "అది ఒట్టి కుట్టుకేనండీ, లైనింగు వేరే" అంటే ఓర్చుకోరు. బిగువైందంటే "మీరే ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు" అంటే అసలే ఓర్చుకోరు! గుడ్డలో మిగిలిన ముక్క అడిగితే "ఏం మిగిల్లేదే" అని, నెల తిరక్కుండా అదే ముక్క మన పిల్ల గౌనుకి అంచుగా కనిపిస్తే ఇక గుమ్మం తొక్కరు. ఇంకొకటుంది. పక్కింటావిడ బాకీ సంగతి ఈవిడకి చెబుతాం. ఈవిడ ఆనందంగా వింటుంది. వింటూనే, రేపు నా సంగతి ఇంకెవరికి చెబుతుందో అనుకుని, మనసులోనే సగం లేచి వెళ్ళిపోతుంది.

ఇవన్నీ ఎవరైనా పట్టుకోగల తప్పులే. పట్టుకోలేనిది 'రేపు' అన్న మాటే. అది తప్పులా కనబడదు, మర్యాదలా కనబడుతుంది.

ఎదుటి మనిషి ఎంతో ఆశగా అడుగుతుంది. కాదంటే ఆ మొహం చిన్నబోతుంది. మనకి మొహమాటం. "సరేలెండి" అనేస్తాం. అన్న క్షణంలో ఆవిడ మొహం వెలుగుతుంది, మన ప్రాణం హాయిగా ఉంటుంది. ఒక మనిషిని సంతోషపెట్టామనిపిస్తుంది. అది దయా, అబద్ధమా? ఇన్నేళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే. ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. ఒక టీచరుగారి వల్ల పుట్టింది.

ఆవిడ నా దగ్గర అయిదేళ్ళు కుట్టించుకున్నారు. జాకెట్టుకి 15 రూపాయలు తీసుకునేదాన్ని. ఒక్కనాడు బేరమాడి ఎరగరు. బడిలో ఉన్న టీచర్లందరినీ నా దగ్గరికి పంపిందావిడే. మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి, ఆవిడ క్లాసులోనే. 1991లో ఆవిడ రిటైరయ్యారు. నెలాఖరు రోజున బళ్ళో సన్మానం. వాళ్ళమ్మగారి నాటి పట్టుచీర ఒకటి దాచుకున్నారట. అది కట్టుకుంటానని, దానికి సరిపడే గుడ్డ వెతికి వెతికి తెచ్చి, పది రోజుల ముందే నా చేతికిచ్చారు.

అప్పటికే నా దగ్గర ఒక పెళ్ళివారి జాకెట్లు ఇరవై దాకా ఉన్నాయి. అవ్వవని తెలుసు. తెలిసే "అలాగేనండీ, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాను. నాలుగు రోజులకి వచ్చారు. "రేపు" అన్నాను. మర్నాడు వచ్చారు. "కత్తిరించానండీ, కుట్టడమే ఆలస్యం, రేపు" అన్నాను. నిజానికి ఆ గుడ్డ మడత కూడా విప్పలేదు. మరో రెండుసార్లు వచ్చారు. ఎండలో బడి నుంచి నడుచుకుంటూ వచ్చేవారు. మంచినీళ్ళిచ్చేదాన్ని. నేను ఇచ్చినవి ఆ మంచినీళ్ళే.

ఆఖరి రాత్రి కూచున్నాను. కంగారులో రెండు చేతులూ ఒకవైపుకే కత్తిరించాను. గుడ్డ మిగల్లేదు. తెల్లవార్లూ అతుకులు వేసి ఏదో ఒకటి చెయ్యాలని మిషను తొక్కుతూనే ఉన్నాను. పొద్దున్న ఆరింటికి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఆవిడే. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిద్ర కళ్ళతో ఉన్న మా అబ్బాయిని గుమ్మంలోకి తోసి, "అమ్మ ఊళ్ళో లేదని చెప్పు" అన్నాను.

వాడు చెప్పాడు. తడబడకుండా చెప్పాడు. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఏమీ అనలేదు. "సరే నాన్నా" అన్నారు. వాడి తల నిమిరి వెళ్ళిపోయారు.

తలుపు తట్టేవరకు మిషను చప్పుడు వీధిలోకి వినిపిస్తూనే ఉందన్న సంగతి నాకు ఆ తరవాత తట్టింది.

ఆ పూట ఆవిడ సన్మానానికి అమ్మగారి పట్టుచీర మీద పాత తెల్ల జాకెట్టు వేసుకుని వెళ్ళారట. ఎవరో చెప్పారు. రెండు రోజుల తరవాత బడి ఆయా వచ్చి, "టీచరమ్మ గుడ్డ ఇచ్చెయ్యమంది" అని, ఒక కవరు చేతిలో పెట్టింది. అందులో 15 రూపాయలున్నాయి. ఒక్క తిట్టు లేదు. తిట్టి ఉంటే ఎంత బావుండేదో! మెల్లమెల్లగా మిగతా టీచర్లూ రావడం మానేశారు. ఎవరూ కారణం చెప్పలేదు. వెళ్ళిపోయే ఖాతాదారు ఎప్పుడూ కారణం చెప్పదు. అడిగినా, "ఈమధ్య ఏమీ కుట్టించుకోవడం లేదమ్మా" అంటుంది. మన మొహమాటాన్ని మనకే తిరిగి అప్పజెబుతుందన్నమాట.

అది పోనీండి, వ్యాపారం. ఆ రాత్రి మా అబ్బాయి పక్కలో పడుకుని, "అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, లేవని ఎందుకు చెప్పమన్నావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వాడికి ఆ సంగతే గుర్తులేదట. నాకుంది.

తరవాత ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. మొదటి రోజునే "నా వల్ల కాదండీ" అని ఉంటే ఏమయ్యేది? ఆవిడ మొహం ఒక్క నిమిషం చిన్నబోయేది. చేతిలో పది రోజులున్నాయి. ఇంకో చోట ఇచ్చుకునేవారు. ఆ ఒక్క నిమిషం నాకు ఇబ్బంది తప్పించుకోవడానికి ఆవిడ పది రోజులూ వాడేసుకున్నాను. గుడ్డ ముక్క దాచుకుంటే దొంగతనమంటాం. ఎదుటి మనిషి రోజులు దాచుకుంటే ఏమనాలి? దయ అని మాత్రం అనకూడదని నాకు అప్పుడు తెలిసింది. నేను కాపాడింది ఆవిడ మనసుని కాదు, ఆవిడ ముందు నా మొహాన్ని.

అలాగని ఇదంతా చేతిపని చేసుకునే వాళ్ళ దుర్గుణమే అని తీర్పు చెప్పలేను. ఒకటో తారీఖు ఉన్న మనిషికీ, లేని మనిషికీ చాలా తేడా ఉంది. జీతగాడు ఒక పని ఆలస్యం చేసినా నెల తిరిగేసరికి డబ్బు చేతిలో పడుతుంది. చేతిపని వాళ్ళకి ఈవేళ కాదన్న పని రేపు వస్తుందన్న నమ్మకం లేదు. పైగా పని ఎప్పుడూ సమంగా రాదు. ఆషాఢంలో ఈగలు తోలుకోవాలి, శ్రావణంలో ఊపిరాడదు. ఆ భయంతోనే వచ్చినదల్లా ఒళ్ళో వేసుకుంటారు. మొహమాటం అని పేరు పెడతాం గాని, లోపల ఉండేది భయమే.

మన సంగతి మాత్రం? మనం ఖాతాదార్లం తక్కువ వాళ్ళమా? బీరువాలో ఆర్నెల్ల నుంచి పడి ఉన్న గుడ్డని పెళ్ళికి వారం ముందు బయటికి తీస్తాం. "మాకు మాత్రం ఎల్లుండికి కావాల్సిందే" అంటాం. "అవదండీ" అన్న పాపానికి "అబ్బో, దీనికి గీర ఎక్కువ" అని వీధంతా చెబుతాం. "సరే" అని నవ్వినదాన్ని "ఎంత మంచిదో" అంటాం. ఆ తరవాత డబ్బులివ్వడానికి మనమూ 'రేపు' అంటాం! నిజం చెప్పినవాళ్ళని తిట్టి, అబద్ధం చెప్పినవాళ్ళని మెచ్చుకుని, ఆనక లోకంలో మాట మీద నిలబడేవాళ్ళు లేరని వాపోతే ఎలా?

కాంట్ అని ఒక జర్మన్ తత్వవేత్త ఉండేవాడు. 1785లో వచ్చిన ఒక పుస్తకంలో ఆయన ఇలాంటి ప్రశ్నే వేశాడు. ఒకడికి డబ్బు అవసరం. తిరిగి ఇవ్వలేనని వాడికి తెలుసు. అయినా ఇస్తానని మాటిచ్చి అప్పు పుచ్చుకోవచ్చునా? అందరూ అలాగే చేస్తే ఏమవుతుందో చూడమన్నాడు. అప్పుడు మాట ఇచ్చినా నమ్మేవాడుండడు, విని నవ్విపోతారు, మాట ఇవ్వడం అన్నదానికే అర్థం పోతుంది అన్నాడు. ఆయన చెప్పిన రోజు మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చేసింది. లేకపోతే "రేపు ఇస్తాను" అన్న మనిషిని పట్టుకుని "రేపంటే రేపేనా?" అని ఎందుకు అడుగుతాం? రేపు అనే మాటకి రేపు అనే అర్థం ఉందో లేదో విడిగా కనుక్కోవలసి వస్తోందంటే, ఆ మాటని మనమంతా కలిసి ఎంత అరగదీశామో చూడండి.

మా వారిది గుమాస్తా బుర్ర గదా, ఆయన చట్టంలోంచి చెబుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షనుందట. గడువే ప్రాణమైన ఒప్పందంలో ఆ గడువుకి పని కాకపోతే, ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు రెండోవారికి ఉంటుందట. "దర్జీ వాడి సంగతి కూడా అందులో ఉంది తెలుసా? 170వ సెక్షను కింద ఉదాహరణ" అంటారు. కోటు పూర్తవగానే ఇచ్చేస్తానని, మూడు నెలలు అరువిస్తానని మాటిచ్చిన దర్జీ, డబ్బు రాలేదని కోటు అట్టే పెట్టుకోవడానికి వీల్లేదట. నిండుగా నూట యాభై ఏళ్ళు దాటిన చట్టంలో మా కులవృత్తి ఉన్నందుకు గర్వపడ్డాను. కాని సన్మానం అయిపోయాక ఒప్పందం రద్దు చేసుకుని ఆ టీచరుగారు ఏం చేసుకుంటారు?

నాకు చట్టం కంటే పురాణమే బాగా అర్థమవుతుంది. హరిశ్చంద్రుడి వెంట నక్షత్రకుడు పడ్డాడు. ఇప్పటికీ బాకీ కోసం వెంటపడేవాణ్ణి నక్షత్రకుడనే అంటాం. హరిశ్చంద్రుడి దగ్గర డబ్బు లేదు. అంతటి సత్యసంధుడు కూడా గడువు అడిగాడు. గడువు అడగడంలో అవమానం లేదన్నమాట! లేనిదాన్ని ఉందనలేదు, తలుపు వెనక దాక్కుని కొడుకు చేత లేననిపించలేదు.

ఇంతకంటే నాకు నచ్చిన ఘట్టం మరొకటుంది. చిత్రకూటంలో భరతుడు పాదుకలు పుచ్చుకుంటూ, పధ్నాలుగేళ్ళు నిండిన మర్నాడు నువ్వు కనబడకపోతే అగ్నిలో దూకుతానని అన్నగారికి చెప్పాడు. గడువంటే అదీ! రావణుణ్ణి గెలిచి పుష్పకంలో వస్తున్న రాముడు, సరిగ్గా పధ్నాలుగేళ్ళూ నిండిన పంచమి నాడు భరద్వాజుడి ఆశ్రమంలో దిగాడు. ముని ఆ పూట ఉండమన్నాడు. ఉండిపోయాడు. కాని ఉండే ముందు ఏం చేశాడు? హనుమంతుణ్ణి పిలిచి, నువ్వు ముందు వెళ్ళి నేను వస్తున్నానని భరతుడికి చెప్పు అని పంపాడు. చేతిలో పుష్పక విమానం ఉంది, అయోధ్య దగ్గరే ఉంది, తెల్లారితే ఎలాగూ వెళతాడు. అయినా నందిగ్రామంలో కళ్ళల్లో వత్తులు వేసుకుని కూచున్న ఒక మనిషి ఆ రాత్రి ఎలా గడుపుతాడో ఆలోచించాడు. మాట నిలబెట్టుకోవడం అంటే ఇదేననిపిస్తుంది నాకు. వేళకి చేరడం ఒకటే కాదు, ఎదురుచూసే మనిషికి ముందు కబురు అందాలి. మనకి హనుమంతుడు లేడు గాని చేతిలో ఫోనుంది. అదే మనం ఎత్తం.

ఈ మాట నేను మొన్న బుధవారం మా కోడలితో అనవలసి వచ్చింది. చెన్నైలో ఒక ప్రచురణ సంస్థ వాళ్ళకి శుక్రవారానికి పదహారు బొమ్మలివ్వాలి. తొమ్మిదే అయ్యాయి. మధ్యలో కాదనలేక ఇంకో ఇద్దరి పని కూడా ఒప్పుకుంది. సోమవారం వాళ్ళు ఎంతవరకు వచ్చిందని అడిగితే "అంతా బాగా సాగుతోంది" అని రాసేసింది. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం సయించదు, ఫోను మోగితే ఉలిక్కిపడుతోంది. "శుక్రవారం కంప్యూటరు పాడైందని రాసేస్తాను అత్తయ్యా. అందరూ అలాగే రాస్తారు" అంది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని టీచరుగారి సంగతి అప్పుడు చెప్పాను. మా అబ్బాయిని గుమ్మంలోకి తోసిన సంగతి చెప్పేటప్పుడు నా గొంతు సరిగ్గా రాలేదు. కోడలు కాసేపు గోరు కొరుక్కుంటూ కూచుంది. తరవాత లోపలికెళ్ళి, అయిన తొమ్మిది బొమ్మలూ పంపించి, ఉన్నది ఉన్నట్టు రాసింది. ఎక్కువ పని ఒప్పుకోవడం తన తప్పేననీ, మిగతావి మంగళవారానికి ఇవ్వగలననీ రాసింది. మీట నొక్కేటప్పుడు దాని చెయ్యి వణకడం చూశాను.

మర్నాడు జవాబొచ్చింది. ముందుగా చెప్పినందుకు థాంక్స్ అన్నారు. మిగిలిన ఏడింటిలో మూడు మరొకరికి ఇస్తున్నామన్నారు. నాలుగు మాత్రం మంగళవారానికి తప్పకుండా కావాలన్నారు. "చూశారా అత్తయ్యా, నిజం చెబితే మూడు బొమ్మల డబ్బు పోయింది" అంది కోడలు మొహం ముడుచుకుని. నేనేం చెప్పను? పోయిన మాట నిజమే. నిజం చెబితే లాభం వస్తుందని నేనెప్పుడూ అనలేదు. అలా వచ్చేటట్టయితే అందరూ చెప్పేవారు, దాని గురించి పుస్తకాలు రాయవలసిన పనే ఉండేది కాదు. వాళ్ళు ఇంకో పుస్తకం పని ఇస్తారో ఇవ్వరో కూడా ఇంకా తెలీదు. కాని ఆ రాత్రి అది అన్నం తిన్నది. ఫోను మోగితే వెళ్ళి ఎత్తింది. మంగళవారం నాలుగు బొమ్మలూ పంపింది.

కోడలికి అంత పెద్ద నీతి చెప్పినదాన్ని, నా జాకెట్టు సంగతి ఊరుకుంటే ఏం బావుంటుంది? మర్నాడు మళ్ళీ వీధి చివరికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి మొహంలో అదే నవ్వు వచ్చింది. నాకు బాగా తెలిసిన నవ్వు. పక్కన పీట లాక్కుని కూచుని, "అమ్మాయ్, నేనూ పదకొండేళ్ళు కుట్టినదాన్నే. నా గుడ్డ ఇంకా కత్తిరించలేదని నాకు తెలుసు. నిజంగా ఎప్పటికవుతుందో చెప్పు" అన్నాను.

అది మిషను ఆపి నా మొహంలోకి చూసింది. "నిజం చెబితే తిట్టరుగా ఆంటీ?" అంది.

ఆ ప్రశ్నకి నా మనసు చివుక్కుమంది. ఎంతమంది చేత తిట్లు తింటే ఆ మాట వస్తుంది! "తిట్టను" అన్నాను.

"వ్రతంలోపు అవదాంటీ. పదకొండు మగ్గం వర్కులున్నాయి. వ్రతం వెళ్ళాక సోమవారానికి ఇస్తాను."

"అలాగే. సోమవారానికే ఇయ్యి" అని లేచాను. నిజం చెప్పొద్దూ, తిట్టాలని నాలిక మీదికి వచ్చింది. మింగేశాను. నిజాన్ని వినడం కూడా చెప్పడమంత కష్టమేనండీ. బహుశా ముందు నేర్చుకోవలసింది మనమే కాబోలు.

వ్రతం నాడు కిందటేడు జాకెట్టే వేసుకున్నాను. పేరంటానికి వచ్చినవాళ్ళెవరూ గమనించలేదు. అమ్మవారు గమనించినా ఏమీ అనలేదు. మా వారు మాత్రం "ఏమిటీ, దయ్యానికి ఇంకా తలుపు తియ్యలేదా?" అన్నారు.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగింది. చూస్తే ఆ అమ్మాయి. తనంతట తాను ఫోను చెయ్యడం ఇదే మొదటిసారి. "ఆంటీ, కుట్టడం అయిపోయింది. హుక్కులొక్కటే మిగిలాయి. రేపు..." అంది.

నా గుండె జారింది. "రేపంటే?" అన్నాను.

"రేపంటే సోమవారమేగా ఆంటీ!" అంది కిసుక్కున నవ్వి.